గుర్తుపెట్టుకునే విలన్: అజాజెల్ నుంచి రాబోయే గేముల దాకా

మీరు అడిగినవి రెండు. దయ్యాలను వేటాడే ఇద్దరు అన్నదమ్ముల కథ అయిన అమెరికన్ సీరియల్ ‘సూపర్‌నేచురల్’లో అందరికంటే గొప్ప విలన్ అజాజెలా, లూసిఫరా, చక్కా అని మీ మిత్రుల మధ్య వాదన తెగడం లేదు. మీరంతా కలిసి ఒక చిన్న భయానక గేము తయారు చేస్తున్నారు కాబట్టి, కృత్రిమ మేధ వచ్చిన ఈ రోజుల్లో గేములో విలన్‌ను ఎలా రాయాలన్నది రెండో ప్రశ్న. గేముల్లో శత్రువుల ప్రవర్తన రాయడం చాలాకాలంగా నా వృత్తి. ఆ సీరియల్‌ను మొదటి ఎపిసోడ్ నుంచి చివరి దాకా చూసిన అభిమానిని కూడా. నా దృష్టిలో రెండు ప్రశ్నలూ ఒకే చోటికి వస్తాయి, అందుకే కలిపి రాస్తున్నాను. సీరియల్ చూడనివాళ్లకు ఇందులో కథ మొత్తం తెలిసిపోతుంది, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

నా తీర్పు అజాజెల్ వైపే. పసుపు కళ్ల దయ్యం. 2005 సెప్టెంబరులో మొదలైన ఆ సీరియల్ 2020 నవంబరు దాకా, 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు నడిచింది. అజాజెల్ బతికి ఉన్నది మొదటి రెండు సీజన్లలోనే. ఆ రెండింటిలోనూ అతను తెర మీద కనిపించే సమయం చాలా తక్కువ. అయినా చివరి దాకా ఆ అన్నదమ్ముల, అంటే డీన్, శామ్‌ల, కథ అతను పెట్టిన చిచ్చులోనే కాలుతూ ఉంటుంది.

1983 నవంబరు 2 రాత్రి, కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో, ఆరు నెలల శామ్ పడుకున్న గదిలోకి అతను వస్తాడు. చూసిన తల్లి మేరీ గది పైకప్పుకు అతుక్కుపోయి మంటల్లో కాలిపోతుంది. ఇంతవరకే అయితే అదొక ఘోరమైన హత్య. నాలుగో సీజన్‌లో పెద్ద కొడుకు డీన్ 1973కి వెళ్లినప్పుడు అసలు విషయం బయటపడుతుంది. కళ్లముందే చనిపోయిన ప్రియుడు జాన్‌ను, అంటే ఈ పిల్లలకు కాబోయే తండ్రిని, బతికించుకోవడానికి, పదేళ్ల తర్వాత తన ఇంట్లో అడుగుపెట్టే అనుమతిని మేరీయే ఆ దయ్యానికి ఇచ్చింది. అంటే అతను వచ్చింది బాకీ వసూలుకు. రెండో సీజన్ మొదట్లో జాన్ కూడా డీన్ ప్రాణం కోసం తన ఆత్మనూ, కోల్ట్ తుపాకినీ అతనికే అప్పగిస్తాడు. దాదాపు ఏ ప్రాణినైనా చంపగల ఆయుధం అది, ఏళ్ల తరబడి వెతికి సంపాదించుకున్నది. తల్లి ఒకసారి, తండ్రి ఒకసారి ఆ దయ్యంతో బేరమాడారు, కొడుకులు ఆ బేరాలకు వడ్డీ కడుతున్నారు.

మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఒక సన్నివేశాన్ని మీరంతా కలిసి మరోసారి చూడండి. అజాజెల్ జాన్ శరీరంలో దూరి, తండ్రి నోటితోనే డీన్‌తో మాట్లాడతాడు. నీకు వాళ్లు ఎంత అవసరమో, వాళ్లకు నువ్వు అంత అవసరం లేదంటాడు. డీన్ అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోని భయం అది. దాన్ని పసిగట్టడం, తండ్రి గొంతుతోనే వినిపించడం, అదీ ఆ విలన్ ప్రతిభ. అక్కడ గ్రాఫిక్స్‌తో పని లేదు. జాన్ పాత్రధారి జెఫ్రీ డీన్ మోర్గాన్ ముఖంలో కండరాలు మారే తీరు చాలు. తర్వాతి సీజన్ ముగింపులో అదే కోల్ట్‌లో మిగిలిన ఆఖరి తూటాతో డీన్ అతణ్ని చంపుతాడు. చచ్చినవాడు మళ్లీ లేచి రాడు. ఆ సీరియల్‌లో ఇది చాలా అరుదైన గౌరవం.

లూసిఫర్ పక్షం వాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. ఐదో సీజన్ లూసిఫర్, అంటే దేవదూతగా ఉండి సాతానుగా మారినవాడు, నిజంగా గొప్ప పాత్ర. మార్క్ పెలెగ్రీనో అతణ్ని అరుపులు లేకుండా, అలసిపోయిన మనిషిలా నటించాడు. ఆ పాత్రకు ఒక కట్టుబాటు ఉంది: మనిషి ఒప్పుకోకుండా ఏ దేవదూతా ఆ మనిషి శరీరంలోకి రాలేడు. లోకాన్ని బూడిద చేయగలవాడు ఒక కుర్రాడి నోట ‘సరే’ అన్న ఒక్క మాట కోసం సీజన్ మొత్తం ఎదురుచూడాలి. ఎంత అద్భుతమైన నిబంధన! చివరికి శామ్ ఒప్పుకుంటాడు, ఓడిపోతాడు. లూసిఫర్ శామ్ చేతులతోనే డీన్‌ను చావగొడుతూ ఉండగా, అన్నదమ్ముల కారు కిటికీలోంచి ఒక వస్తువు కంటబడుతుంది. చిన్నప్పుడు శామ్ ఆ కారు యాష్‌ట్రేలో ఇరికించేసిన ప్లాస్టిక్ సైనికుడి బొమ్మ. అది ఇంకా అక్కడే ఉంది. దాన్ని చూసిన క్షణంలో శామ్ తన శరీరాన్ని తిరిగి చేతిలోకి తెచ్చుకుంటాడు. సాతానును ఓడించింది ఖడ్గమో మంత్రమో అయివుంటే ఇన్నేళ్ల తర్వాత ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు.

మిగతా సగం మీద నాకు కోపం ఉంది. సీరియల్ సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ ఐదు సీజన్ల తర్వాత పగ్గాలు వదిలారు. పదకొండో సీజన్‌లో లూసిఫర్‌ను, ఐదో సీజన్ చివర్లో బంధించిన నరకపు పంజరంలోంచి మళ్లీ బయటికి తెచ్చారు. ఆ తర్వాత ఒక రాక్ గాయకుడి శరీరంలో, ఏకంగా అమెరికా అధ్యక్షుడి శరీరంలో తిప్పారు. వచ్చిన ప్రతిసారీ అతను కొంచెం ఎక్కువ మాట్లాడాడు, కొంచెం తక్కువ భయపెట్టాడు. పదమూడో సీజన్ చివర్లో చనిపోయేసరికి ప్రేక్షకుడికి ‘హమ్మయ్య, అయిపోయింది’ అనిపించింది. ఐదో సీజన్‌లో ఆ కారు పక్కన మనకు కలిగిన భయానికి అది అవమానం.

నరకానికి రాజైన దయ్యం క్రౌలీ గురించి ఎక్కువ రాయను. ఆ పాత్ర వేసిన మార్క్ షెపర్డ్ అంటే నాకు చాలా ఇష్టం, కానీ క్రౌలీ చివరికి అన్నదమ్ముల కోసం ప్రాణమిచ్చిన పాత్ర. అతణ్ని విలన్ల పందెంలో నిలబెట్టడం న్యాయం కాదు. ఏడో సీజన్ విలన్ డిక్ రోమన్ ఆలోచనగా బాగున్నాడు. మనుషుల తిండిలో మందు కలిపి వాళ్లను పశువుల్లా మేపాలనుకునే కంపెనీ యజమాని భయపెట్టాల్సినవాడే. కానీ అతనికీ ఆ ఇంటికీ పాత లెక్క ఏదీ లేదు. అన్నదమ్ములకు తండ్రిలాంటి బాబీని చంపాడన్న పగ ఒక్కటే కథను మోసింది.

ఇక చక్. వాదనలో మీ మిత్రులు గొంతు పెంచేది ఇక్కడేనని నా నమ్మకం. నాలుగో సీజన్‌లో తాగుబోతు నవలా రచయితగా వచ్చినవాడు, పదకొండో సీజన్‌లో సాక్షాత్తు దేవుడని తేలతాడు. పద్నాలుగో సీజన్ చివర్లో అసలు శత్రువు అతనే అవుతాడు. ఈ అన్నదమ్ముల కష్టాలన్నీ తన వినోదం కోసం తానే రాసుకున్నానంటాడు. ఇలాంటి లోకాలు లెక్కలేనన్ని రాశానంటాడు. ఒక పక్షం ఇది పాత సీజన్లన్నిటినీ వెనక్కి వెళ్లి పాడుచేసిందంటుంది. మేరీ బేరం, జాన్ త్యాగం, శామ్ ఒప్పుకోలు అన్నీ ముందే రాసిపెట్టినవైతే వాటి బరువేమిటని వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్న సరైనదే. కానీ నాకు చక్ నచ్చాడు. ప్రేక్షకుడిగా నాలో ఉన్న ఆశను, ఇంకో సీజన్ కావాలి, ఇంకో కన్నీటి సన్నివేశం కావాలి అనే ఆశను, ఎదురుగా విలన్‌గా నిలబెట్టారు. అతని చివరి గతి కూడా సరైనదే. శక్తులన్నీ లూసిఫర్ కొడుకు జాక్‌కు పోయాక అన్నదమ్ములు అతణ్ని చంపరు. మామూలు మనిషిగా ముసలివాడై, ఎవరికీ గుర్తుండకుండా పోయేలా వదిలేస్తారు. పాత్రల మీద రచయిత పెత్తనం పోవడం కంటే అతనికి పెద్ద శిక్ష లేదు.

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఇదీ. శక్తి పెరిగినకొద్దీ విలన్ గొప్పవాడు కావడం లేదు. నాయకుడితో అతనికి పాత లెక్క ఉండాలి, ఆ లెక్క అతనికి గుర్తుండాలి, తాను దాటలేని గీత ఒకటి ఉండాలి. ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ అనే మరో అమెరికన్ సీరియల్ మూడో సీజన్‌లోని నగర మేయర్‌నే తీసుకోండి. మర్యాదస్తుడు, బూతు మాట వింటే చిరాకుపడతాడు, క్రిములంటే అసహ్యం. ఆఖర్లో రాక్షస సర్పంగా మారేదాకా అతని శరీరానికి ఏ ఆయుధమూ హాని చేయలేదు. కానీ ఫెయిత్ అనే అమ్మాయిని కూతురిలా ప్రేమించాడు. ఆఖరి పోరాటంలో కథానాయిక బఫీ ఆ అమ్మాయిని పొడిచిన కత్తిని చూపించి అతణ్ని రెచ్చగొడుతుంది. పేలుడు పదార్థాలు నింపిన స్కూలు లైబ్రరీలోకి తన వెంట పరుగెత్తించుకుంటూ తీసుకెళ్తుంది. అతణ్ని చంపింది అతనిలో మిగిలిన ఒకే ఒక్క మంచి గుణం.

ఇప్పుడు గేముల సంగతి. టీవీకి లేని ఒక సౌకర్యం గేముకు ఉంది. విలన్‌కు ఎదురుగా ఉన్నది మీరే, మీరేం చేశారో యంత్రానికి తెలుసు. 1998లో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’లో సైకో మాంటిస్ అనే శత్రువు మీ మనసు చదువుతానంటాడు. ప్లేస్టేషన్ మెమరీ కార్డులోకి తొంగిచూసి, ఈ గేమును తెచ్చిన కొనామీ కంపెనీవే ఏయే గేములు మీరు ఆడారో పేరుపెట్టి చెబుతాడు. అతణ్ని ఓడించాలంటే కంట్రోలర్ తీగను పీకి రెండో రంధ్రంలో పెట్టాలి. అప్పుడిక మీ మనసు అతనికి అందదు. అప్పటి సాంకేతికతకు మెమరీ కార్డులో ఒక పేరు చదవడం పెద్ద పనేమీ కాదు. కానీ ఆడినవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేదు.

చక్ నచ్చినవాళ్లు 2015లో టోబీ ఫాక్స్ విడుదల చేసిన ‘అండర్‌టేల్’ తప్పక ఆడాలి. అందులో ఫ్లవీ అనే పువ్వు ఉంది. మీరు మొదట్లోనే టోరియెల్ అనే తల్లిలాంటి పాత్రను చంపేశారనుకోండి. బాధపడి, పాత సేవ్ (ఆటను మధ్యలో దాచుకున్న చోటు) నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఆమెను బతకనిచ్చారనుకోండి. ఏ గేమైనా ఆ తప్పును తుడిచేస్తుంది. ఈ పువ్వు మాత్రం తుడవదు. నువ్వు ఆమెను చంపావు, మనసొప్పక వెనక్కి వచ్చావు, నాకు తెలుసు అంటుంది. ఆట చివరికి వచ్చేసరికి మీరు సురక్షితం అనుకున్న సేవ్ ఫైల్ ఫ్లవీ చేతిలోకి వెళ్లిపోతుంది. పోరాటం మధ్యలో గేమునే మూసేస్తాడు, మీరు గెలవబోతే వెనకటి క్షణాన్ని మళ్లీ లోడ్ చేస్తాడు. కలం పట్టుకున్న దేవుడు చక్ అయితే, సేవ్ బటన్ పట్టుకున్న దేవుడు ఫ్లవీ. పదిహేను సీజన్లు పట్టిన భావాన్ని ఒక చిన్న గేము ఒక్క సాయంత్రంలో, అదీ మీ సొంత అపరాధంతో, చెప్పగలిగింది.

పెద్ద స్టూడియోల్లో దీన్ని అందరికంటే ముందుకు తీసుకెళ్లింది మోనోలిత్. వాళ్ల 2014 నాటి ‘షాడో ఆఫ్ మోర్డోర్’లో నెమెసిస్ అనే ఏర్పాటు ఉంది. పేరు కూడా లేని ఒక ఓర్క్ (రాక్షస జాతి) సైనికుడు మిమ్మల్ని చంపితే, అతనికి పదోన్నతి వస్తుంది. పేరు, బిరుదు, అనుచరులు వస్తారు. మళ్లీ ఎదురైనప్పుడు పోయినసారి ఎలా చంపాడో గుర్తుచేసి ఎగతాళి చేస్తాడు. మీరు నిప్పంటించి చంపాననుకున్నవాడు బతికిపోతే, కాలిన మచ్చలతో తిరిగొస్తాడు. ఏ ఇద్దరు ఆటగాళ్లకూ విలన్ ఒకడే కాదు. ఆ రోజుల్లో మా వృత్తిలోని వాళ్లందరం ఇక గేములన్నీ ఇలాగే ఉంటాయనుకున్నాం.

అలా జరగలేదు. మోనోలిత్ యజమాని వార్నర్ బ్రదర్స్ ఆ ఏర్పాటుకు పేటెంట్ తీసుకుంది. అది 2021లో మంజూరైంది, 2036 దాకా అమల్లో ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో అదే వార్నర్ మోనోలిత్ స్టూడియోను మూసేసింది. తయారుచేసినవాళ్లు లేరు, తయారైనది బీరువాలో తాళం కింద ఉంది. ఒక కళను ఇంతకంటే దారుణంగా వృథా చేయడం నేను చూడలేదు. అయితే మీ బృందం దీనికి భయపడి వెనకడుగు వేయనక్కర్లేదు. పేటెంట్ ఒక నిర్దిష్టమైన అమరికకే కానీ, శత్రువు గుర్తుపెట్టుకోవడం అనే ఆలోచనకు కాదు. ‘వార్‌ఫ్రేమ్’ అనే గేము 2019లో తనదైన పద్ధతిలో వెంటాడే శత్రువులను తెచ్చింది. మీ గేము అమ్మకానికి పెట్టేముందు న్యాయవాదికి ఒకసారి చూపించుకుంటే చాలు.

భయానక గేము అన్నారు కాబట్టి, ‘ఏలియన్: ఐసోలేషన్’ ఎలా పనిచేస్తుందో కొంచెం లోతుగా చెబుతాను. 2014లో వచ్చిన గేమిది. అందులో మిమ్మల్ని వేటాడే జంతువుకు రెండు మెదళ్లు. పై మెదడుకు మీరెక్కడున్నారో ఎప్పుడూ తెలుసు. కింది మెదడుకు, అంటే ఆ జంతువుకు, తెలియదు. పైది అప్పుడప్పుడు ‘ఆ వైపు వెతుకు’ అని ఒక ప్రాంతాన్ని మాత్రం సూచిస్తుంది. అక్కడికి వచ్చాక అది కళ్లతో, చెవులతో తానే కనిపెట్టాలి. పై మెదడు మీ భయాన్ని కూడా కొలుస్తూ ఉంటుంది. జంతువు ఎంత దగ్గరగా ఉంది, మీ కంటికి ఎంతసేపు కనబడింది అన్నవన్నీ కూడి ఒక హద్దు దాటితే, దాన్ని గాలిగొట్టాల్లోకి వెనక్కి పంపిస్తుంది. మీరు ఊపిరి తీసుకోవడానికి. పైగా దాని ప్రవర్తనల్లో కొన్ని మొదట తాళం వేసి ఉంటాయి, ఆట సాగేకొద్దీ ఒక్కొక్కటీ తెరుచుకుంటాయి. దాంతో అది మీ నుంచి నేర్చుకుంటోందని అనిపిస్తుంది. లూసిఫర్‌కు ఒప్పుకోలు నిబంధన ఎలాంటిదో, ఈ జంతువుకు ‘తెలిసినా చెప్పకూడదు’ అన్న నిబంధన అలాంటిది. భయం పుట్టేది ఆ ఖాళీలోంచే.

ఇక కృత్రిమ మేధ. విలన్‌తో ఆటగాడు నోటికొచ్చినట్లు మాట్లాడవచ్చు, అతను అప్పటికప్పుడు జవాబిస్తాడు అని మీ మిత్రుల్లో ఒకరు ఉత్సాహపడుతున్నారు. దీనికి ఇప్పటికే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 2025 మేలో ‘ఫోర్ట్‌నైట్’ అనే గేములో ‘స్టార్ వార్స్’ సినిమాల విలన్ డార్త్ వేడర్‌ను అలాగే దించారు. సినిమాల్లో ఆ పాత్రకు గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతును ఆయన కుటుంబం అనుమతితో యంత్రంతో పలికించారు. విడుదలైన కొద్దిసేపటికే ఆటగాళ్లు వేడర్ చేత బూతులు పలికించి వీడియోలు పంచుకున్నారు. కంపెనీ హడావుడిగా సరిదిద్దింది. గొంతు విషయంలో తమతో బేరం కుదుర్చుకోకుండా చేశారని అమెరికా నటుల సంఘం కార్మిక బోర్డుకు ఫిర్యాదు చేసింది. అప్పటికి అదే సంఘం యాంత్రిక గొంతుల విషయంలోనే గేము కంపెనీల మీద సమ్మెలో ఉంది. 2024 జులైలో మొదలైన ఆ సమ్మె 2025 జూన్‌లో ఆగింది. అనుమతి, పారితోషికం అన్న రెండు మాటల కోసం నటులు అన్ని నెలలు నిలబడ్డారు, నా మద్దతు పూర్తిగా వాళ్లకే.

బూతుల సంగతి సాంకేతికంగా సర్దుకుంటుంది. నన్ను కలవరపెట్టేది వేరే. తెర మీద వేడర్ భయపెట్టేది అతను తక్కువ మాట్లాడతాడు కాబట్టి. అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చే విలన్ పదమూడో సీజన్ లూసిఫర్ అయిపోతాడు. మీరు అరగంట కబుర్లు చెప్పించుకున్న శత్రువు చీకటి వసారాలో ఎదురైతే మీకు దడ పుట్టదు.

దీనికి ఎదురు ఉదాహరణ ‘హేడిస్’, 2020 నాటిది. అందులో చివరి శత్రువు మీ తండ్రే, పాతాళ ప్రభువు. ప్రతిసారీ మీరు చచ్చి మళ్లీ అతని సభలోకే తిరిగొస్తారు. ఎక్కడ, ఎవరి చేతిలో చచ్చారో అతనికి తెలుసు, దాన్నిబట్టి దెప్పుతాడు. ఆ గేములో రికార్డు చేసిన సంభాషణలు ఇరవై వేలకు పైనే. ప్రతి ఒక్కటీ మనిషి రాసింది, మనిషి పలికింది. యంత్రం చేసేదల్లా ఏం జరిగిందో చూసి ఏ మాట ఇప్పుడు అతుకుతుందో ఎంచడం. భవిష్యత్తు ఇటువైపు ఉందని నా గట్టి నమ్మకం. కృత్రిమ మేధను పెడితే ఈ ఎంపికలో పెట్టండి. ఆటగాడు ఎవరిని వదిలేసి పారిపోయాడు, ఏ తలుపు దగ్గర ఎక్కువసేపు తటపటాయించాడు అన్నవాటిని పసిగట్టే పనిలో పెట్టండి. మాటలు మాత్రం మీరే రాయండి.

సర్వర్ గురించి కూడా ఆలోచించండి. విలన్ మెదడు ఎక్కడో ఒక కంపెనీ సర్వర్‌లో ఉంటే, ఆ బిల్లు కట్టడం ఆగిన రోజు విలన్ చస్తాడు. 2014లో వచ్చిన ‘ద క్రూ’ అనే కార్ల పందేల గేము సర్వర్లను 2024లో ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఇక ఆడలేరు. దానితో మొదలైన ఉద్యమానికి ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అజాజెల్‌ను నేను ఇప్పటికీ డిస్కు పెట్టుకుని చూడగలుగుతున్నాను. మీ విలన్‌కూ ఆ అవకాశం ఉండాలి, కాబట్టి అతని జ్ఞాపకమంతా ఆటగాడి కంప్యూటర్‌లోనే ఉంచండి.

మీది చిన్న బృందం, వేల సంభాషణలు రాయలేరు. అవసరం లేదు. మీ విలన్ గుర్తుపెట్టుకునేవి మూడే విషయాలు ఎంచుకోండి, ఆటగాడు తనంతట తాను చేసినవై ఉండాలి. వాటిలో ఒకటైనా ఆటగాడు సిగ్గుపడేది కావాలి. ఒక్కో విషయానికి పది పన్నెండు సంభాషణలు రాసి, మీలో మంచి గొంతున్నవాళ్ల చేత చెప్పించండి. విలన్ ఎప్పటికీ చేయలేని పని ఒకటి పెట్టి, దాన్ని ఆటగాడికి మొదటి పది నిమిషాల్లోనే అర్థమయ్యేలా చూపించండి. ఆ గీతను విలన్ ఒక్కసారి కూడా దాటకూడదు, ఆఖరి పోరాటంలో కూడా. తర్వాత గేము గురించి తెలియని ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి ఆడించండి. వాళ్లు సేవ్ తెరిచి పాత తప్పును సరిదిద్దుకోవడానికి ప్రయత్నించారా, విలన్ దాన్ని ఎత్తిచూపినప్పుడు ఏమన్నారు, ఆ రెండూ రాసి పంపండి. మాటల జాబితా కూడా జతచేస్తే చూసి చెబుతాను.